గుర్రం పడని టాంగావాలా

1958. అప్పుడు నేను తాండూరులో సర్కారు దవాఖాన నర్సును. మాది వికారాబాదు. శనివారం సాయంత్రం రైలెక్కితే ఇల్లు, సోమవారం పొద్దున మళ్లీ డ్యూటీ. దవాఖాన పెద్దదేమీ కాదు. ఒక డాక్టరు గారు, ఒక కంపౌండరు, నేను, నాపరాళ్లు పరిచిన వరండా. ఎండాకాలంలో ఆ చల్లటి బండల మీద కూర్చోవడానికే కొందరు కడుపునొప్పి తెచ్చుకునేవారని నాకు గట్టి అనుమానం.

ఒకరోజు పొద్దున్నే నర్సప్ప తన అల్లుడు మల్లేశాన్ని భుజానికి ఆనించుకుని తీసుకొచ్చాడు. స్టేషను దగ్గర నర్సప్ప టాంగా తెలియనివారు లేరు. మోకాళ్లు పట్టేశాక ఒక్కగానొక్క కూతురు బాలమణిని మల్లేశానికిచ్చి చేసి, అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని, గుర్రం పగ్గాలు అతని చేతికిచ్చాడు. ఆ ఉదయం కొట్టంలో లద్ది ఎత్తుతుంటే, ఎప్పుడో ఊడిపడిన గుర్రపు నాడా మేకు మల్లేశం పాదంలో లోతుగా దిగబడింది.

గుర్రపు లద్ది, తుప్పు మేకు, లోతైన గాయం. ఈ మూడూ కలిస్తే మాకు గుండెలు జారేవి. ధనుర్వాతం క్రిములు కాపురముండేది లద్దిలోనే. అది పట్టుకుంటే దవడలు బిగుసుకుపోతాయి, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. పట్టుకున్నాక బతికినవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను. అందుకే గాయం కాగానే ఏటీఎస్, అంటే యాంటీ టెటనస్ సీరం ఇచ్చేవాళ్లం. ఆ విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. ఆ రక్తంలోని తేట నీరే సీరం. మనిషిని కాపాడేదీ అదే, కొందరి ఒంటికి అస్సలు పడనిదీ అదే.

"నీకు ఆయాసం గానీ, గుర్రాల దగ్గర తుమ్ములు, దురద గానీ ఉన్నాయా?" అని డాక్టరు గారు అడిగారు.

మల్లేశం నోరు విప్పకముందే నర్సప్ప పకపకా నవ్వాడు. "మంచిగ అడిగినవ్ సారూ! చేపకు నీళ్లు పడ్తయా అన్నట్టున్నది. టాంగా తోలెటోనికి గుర్రం పడకపోవుడేంది?"

మల్లేశం మామ మొహం చూశాడు. "ఏం లేవు సార్," అన్నాడు.

ఎవరు ఏం చెప్పినా ముందు టెస్ట్ డోస్ వేయడం మా పద్ధతి. చుక్క మందును నీళ్లలో పలచన చేసి, ముంజేతి చర్మంలో కొంచెం ఎక్కించి, పావుగంట చూడాలి. నర్సప్పకు ఆ పావుగంట కూడా బరువైంది.

"ప్యాసింజర్ వచ్చే యాళ్లయింది సిస్టరమ్మా. చిన్నసూది, పెద్దసూది అని రెండు మాట్లెందుకు? ఒక్కపారే పొడిచి పంపియ్యరాదు?"

"రైలు మళ్లొస్తది. అల్లుడు మళ్ల రాడు. కూసో," అన్నాను.

నా నోరు కాస్త పెద్దదే. కానీ ఆ రోజు అది పనికొచ్చింది. పావుగంట కాకముందే ముంజేతి మీద రేగుపండంత దద్దు లేచింది. చుట్టూ ఎర్రబారింది. మల్లేశం గోకడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత తుమ్మాడు. ఒకటి కాదు, వరసపెట్టి తుమ్ములే తుమ్ములు. కళ్లల్లోంచి నీళ్లు కారాయి.

గుమ్మం దగ్గర నిలబడ్డ బాలమణి ఇక ఆగలేకపోయింది. "గిదే సిస్టరమ్మా! గుర్రం దగ్గర జరసేపున్నా గిట్లనే తుమ్ముతడు. ముక్కుకు రుమాలు గట్టుకొని తోల్తడు. దుమ్ము పడ్తలేదని అందరికి చెప్తడు."

"మరి పొద్దుగాల గుర్రాన్ని తోమేదెవలు?" అన్నాడు నర్సప్ప, బిత్తరపోయి.

"నేనే నాయినా. నువ్వు లేవకముందే తోముత. ఇయ్యాల నాకు జరమొచ్చిందని లద్ది ఎత్తనీకి తనే పోయిండు."

మల్లేశం తుమ్ముల మధ్యే అన్నాడు: "గుర్రం పడనోన్ని ఇంట్ల ఎందుకుంచుకుంటవ్ మామా? నన్ను ఎల్లగొడ్తవని చెప్పలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికి తెచ్చుకునే అబద్ధమా అని అరవబోయాను. కానీ అతని మొహం చూస్తే జాలేసింది. చావు కంటే మామ ఇంటి గడప దిగడానికే అతను ఎక్కువ భయపడ్డాడు.

డాక్టరు గారికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సీరం ఇవ్వకపోతే ధనుర్వాతం. ఒక్కసారిగా ఇస్తే గొంతు పూడుకుపోయి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. గుర్రాల మధ్య బతికేవాడికి ఆ మందు అవసరం అందరికంటే ఎక్కువ. ఆ మందే పడని గతి పట్టేదీ అలాంటివాళ్లలో కొందరికి. వేరే మందు ఆ రోజుల్లో మా దగ్గర లేదు.

చివరికి చుక్కతో మొదలుపెట్టి, ఆగి ఆగి పెంచుకుంటూ పోదామన్నారు. ఒంటికి సీరాన్ని మెల్లగా మచ్చిక చేయడమన్నమాట. పక్కనే అడ్రినలిన్ నింపిన సిరంజి పెట్టుకున్నాను. ఊపిరి ఆగిపోయేలా ఉంటే ప్రాణం నిలిపేది అదే. ఆ రోజంతా నాకు వేరే పని లేదు. నాడి పట్టుకోవడం, ఛాతీ వినడం, మళ్లీ సూది. మధ్యలో ఒకసారి ఛాతీలో పిల్లికూతలు మొదలై పెదాలు నల్లబడ్డాయి. అడ్రినలిన్ పొడిచాను. కాసేపటికి ఊపిరి దారిలో పడింది. బాలమణి నా కొంగు పట్టుకునే కూర్చుంది. దేవుడా, ఈ ఒక్కణ్ణి నాకివ్వు అని నేనూ లోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

పొద్దు వాలేసరికి మందంతా ఒంట్లోకి చేరింది. గాయం కోసి, కడిగి, పెన్సిలిన్ కూడా ఇచ్చాం. పంపించేటప్పుడు మరీ మరీ చెప్పాను: "వారం, పది దినాలకు ఒంటి మీద దద్దులొస్తయి, కీళ్లు వాస్తయి, జరమొస్తది. భయపడొద్దు. జల్ది రండి." నర్సప్ప అల్లుణ్ణి టాంగాలో ఎక్కించుకున్నాడు కానీ అతని మొహం మాత్రం చూడలేదు. నాకు అదే గుబులైంది.

రెండు రోజులు కట్టుకు వచ్చారు. తర్వాత రాలేదు. గడువు దగ్గరపడుతుంటే నేనే వాళ్ల గల్లీకి వెళ్లాను. ద్వారానికి వేపమండలు. గల్లీ మొత్తంలో పోపు వాసన లేని ఇల్లు అదొక్కటే. సంగతి అర్థమైంది.

నర్సప్ప గడపలోనే చేతులు అడ్డుపెట్టాడు. "అమ్మవారు పోసింది సిస్టరమ్మా. మందు ముట్టియ్యొద్దు. తల్లికి కోపమొస్తది."

"తల్లిని చూసి దండం పెట్టుకొని పోత. గదన్న వద్దంటవా?"

కాదనలేక పక్కకు జరిగాడు. లోపల మల్లేశం వేపాకుల మీద పడుకుని ఉన్నాడు. ఒళ్లంతా ఎర్రటి దద్దులు, మోకాళ్లు గుమ్మడికాయలు. నేను మశూచి చూసినదాన్ని. ఇది అది కాదు. మేం ముందే చెప్పిన దద్దులూ వాపూ, సీరం సిక్నెసే. కానీ భక్తితో నిలబడ్డ మనిషికి ఇంగ్లీషు పేరు చెబితే ఏం లాభం? బాలమణి కాటుక భరిణె అడిగాను. అతని పొట్ట మీద ఒక దద్దు చుట్టూ కాటుకతో గీత గీశాను.

"నర్సప్పా, తల్లి కూసున్నకాడనే కూసుంటది గదా?"

"కూసుంటది. ఎండి రాలేదాక లేవదు."

"అట్లయితే జర చాయ్ తాగి చూద్దాం."

చాయ్ తాగాం. గుర్రం సంగతులు మాట్లాడుకున్నాం. మళ్లీ వచ్చి చూస్తే గీత లోపల చర్మం శుభ్రంగా ఉంది. దద్దు ఎప్పుడో మాయమై, భుజం మీద ఇంకొకటి లేచింది. నర్సప్ప వంగి ఆ ఖాళీ గీతను వేలితో తడిమి చూశాడు.

"గిది తల్లి కాదు," అన్నాడు నెమ్మదిగా. "గిది ఊరూరు తిరిగేది."

అప్పుడు చెప్పాను. ఇంటికి కాపలా పెట్టిన కుక్క దొంగతో పాటు మనకు సాయం వచ్చిన చుట్టాన్నీ కరిచినట్టు, ఒళ్లు ఆ గుర్రపు సీరాన్ని పరాయిదనుకుని దాని మీద పడుతోందని. ఆ కొట్లాటే వాపు, దద్దు, జ్వరం అని. పరాయిది ఒంట్లోంచి వెళ్లిపోగానే ఒళ్లే కుక్కను మళ్లీ కట్టేస్తుందని. అందాకా దురదకు, నొప్పికి మాత్రలిస్తే చాలు. అవి వేసుకున్నాడు. మా బీరువాలో వాపును అణిచే కొత్త మందు కార్టిజోన్ ఉంది కానీ దాన్ని తీసే పని పడలేదు. వారంలో మల్లేశం లేచి నడిచాడు.

ఆఖరి రోజు డాక్టరు గారు ఖచ్చితంగా చెప్పారు. ఇక ఈ సీరం జన్మలో వేయకూడదు, ముందుజాగ్రత్తకు, నెమ్మదిగా పనిచేసే వేరే టీకాలు తెప్పించి వేస్తాం, గుర్రాన్ని మాత్రం వదిలేయాలి అని. మల్లేశం తల దించుకున్నాడు. బాలమణి తండ్రి వైపు చూసింది.

నర్సప్ప గొంతు సవరించుకున్నాడు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటరు. అల్లుడు తుమ్మితే బువ్వ తప్పుతదా? గంత దానికి నా బిడ్డను, నిన్ను ఇడుస్తనని ఎట్ల అనుకున్నవ్‌రా?"

మల్లేశం ఏడ్చేశాడు. నేనూ ఆపుకోలేకపోయాను. తర్వాత అతను నాపరాళ్ల పనిలో చేరాడు. టాంగా మళ్లీ నర్సప్ప ఎక్కాడు, తోమడం బాలమణి ఇక దాచకుండా చేసింది. శనివారాల్లో నర్సప్ప నన్ను స్టేషను దగ్గర దిగబెట్టి, ఎంత బతిమాలినా కిరాయి ముట్టేవాడు కాదు.

ఈ కేసు నుంచి వైద్యం కొంత నేర్చుకున్నాను. కానీ ఎక్కువ నేర్చుకున్నది అడగడం. మనిషి ఎవరికి భయపడతాడో వాళ్లను పక్కన పెట్టుకుని అడిగితే వచ్చేది జవాబు కాదు, మర్యాద. అది మొదటిసారి అమలు చేసింది నేను కాదు, నర్సప్పే. కొన్నాళ్లకు పక్కింటి కొత్తకోడలికి ఒంట్లో బాగోలేదని, ఆమెను, ఆమె అత్తను టాంగాలో తెచ్చాడు. నేను చీటీ రాస్తుండగానే అత్తగారిని తోడు తీసుకుని వరండాలోకి నడిచాడు.

"నడువక్కా, మనం బయట కూసుందాం," అన్నాడు. "మనముంటే పిల్ల నిజం చెప్పది."