పంపుకి కప్పిన బొంత

మా ఆయన తెలివితక్కువవాడని నేనెప్పుడూ అనను. కానీ రంగూన్‌లో ఇనప పంపు చలికి పగిలిపోతుందని నమ్మి, పెళ్ళాం బొంత పట్టుకెళ్ళి దానికి కప్పిన మనిషి ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

అప్పటికి నేను కాపురానికి వచ్చి రెండేళ్ళు. లమ్మడా పేటలో మూడో అంతస్తులో ఒకే గది మాది. మా మామగారూ మరుదులూ అందరూ సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసినవాళ్ళే. మా ఆయనా ఆరేళ్ళు మోశాడు. కుడి భుజం దెబ్బతిని, చెయ్యి తలదాకా లేచేది కాదు. అలాంటి మనిషికి దొరల క్లబ్బులో ఈతకొలను పంపు చూసుకునే పని దొరికింది. ఆ ఏడు సీమ నుంచి, అదే ఇంగ్లండు నుంచి, కొత్త పంపు దిగింది. మేనేజరు దొర దాన్ని చూపించి, దీనికేమైనా అయిందా మళ్ళీ రేవుకే పోతావని ఒక్క మాట అన్నాడు. ఆ రోజు మా ఆయనకు అన్నం సయించలేదు.

పంపు వచ్చిన పెట్టెలో ఒక ఇంగ్లీషు కాగితం ఉంది. ఎదురుగది గుమాస్తాగారు కళ్ళజోడు సర్దుకుని చదివి చెప్పారు: చలికాలంలో లోపలి నీళ్ళు గడ్డకట్టి ఇనుము పగులుతుంది కాబట్టి, ముందే నీళ్ళన్నీ తీసేసి, పంపును వెచ్చగా చుట్టి ఉంచాలట. గడ్డకట్టిన నీళ్ళంటే ఐసు బండి మీద రంపపు పొట్టులో వచ్చేవి తప్ప గుమాస్తాగారికీ వేరే తెలియదు.

నాకు నవ్వాగలేదు. "ఈ ఊర్లో నీళ్ళు గడ్డకట్టడమేటి మావా?"

ఆయనా కొన్నాళ్ళు ఊరుకున్నాడు. పుష్యమాసంలో ఒక పొద్దున్న తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీశాను. నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. ఏటా జరిగేదే. ఎండలో పెట్టబోతుంటే ఆయన సీసా లాక్కుని తలకిందులు చేశాడు. చుక్క జారలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"సూసినావా? నూనె గడ్డకట్టీసింది. రేపో ఎల్లుండో నీళ్ళూ గడ్డకట్టెస్తాయి."

"నూనె ఏరు, నీళ్ళు ఏరు మావా."

"నీకేటి తెల్సు? సీమోళ్ళు అచ్చేసి మరీ సెప్పినారు."

అచ్చులో ఉన్న మాటకు ఎదురుచెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. మరమ్మతులకని కొలను ఖాళీ చేసి ఉంది, పదిహేను రోజులు పంపుతో పనిలేదు. ఆయన పంపులో నీళ్ళన్నీ తీసేసి, మా అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంత దానికి చుట్టి వచ్చాడు. నేను రోజూ ఏడిపించేదాన్ని. "పంపుకి జలుబు తగ్గిందా? సొంటి కషాయం ఎట్టీమంటావా?" ఆయన ఉడుక్కునేవాడు కాదు. "నవ్వు, నవ్వు" అని క్యారియరు పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

కొలను నింపే రోజు రానే వచ్చింది. మర్నాడు దొరలందరూ ఈతకు వస్తారు. ఆ పూట క్యారియరు మరిచిపోయాడని మధ్యాహ్నం నేనే పట్టుకెళ్ళాను. వెళ్ళేసరికి పంపు భాగాలు నేల మీద పరిచి ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఆడించినా చుక్క నీరు లాగలేదట. లోపల పైకీ కిందకీ ఆడుతూ నీటిని లాగే తోలు బిళ్ళ ఆయన అరచేతిలో ఉంది. ఎండి, అంచులు ముడుచుకుపోయి ఉంది.

"తడి నేక ఎండిపోనాదే. ఆ నీళ్ళు నానే తీసీసినాను" అన్నాడు. "సాయంత్రం దొరొస్తాడు."

నాకు పంపుల సంగతేం తెలుసు? తెలిసింది వంట. "ఎండుసేపలు నానెట్టుకోమా మావా? దీన్నీ నానెట్టు" అన్నాను.

మేము ఊజీ అని పిలిచే బర్మా తోటమాలి తన పొయ్యి మీద నీళ్ళు గోరువెచ్చగా కాచి ఇచ్చాడు. రెండు గంటలు నానబెట్టాం. ఆయన అన్నం ముట్టలేదు. బిళ్ళ మెత్తబడ్డాక కొవ్వు రాసి బిగించి ఆడించాడు. పంపు గరగరమంది. ముందు తుప్పు నీళ్ళు కక్కింది, తరవాత తెల్లటి నీళ్ళు ధారగా కొలనులో పడ్డాయి.

ఇంక జన్మంతా ఏడిపించవచ్చు అనుకుంటూ ఆయన వైపు తిరిగాను. ఆయన నీళ్ళకేసి చూడటం లేదు. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఒలే, నాను మరి బస్తా ఎత్తనేనే" అన్నాడు. "రేవుకెళ్తే సచ్చిపోతాను."

పదిహేను రోజులు నేను నవ్వింది ఆ భయాన్ని చూసి. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కన కూర్చుని, క్యారియరు విప్పి, నా చేత్తో అన్నం కలిపి పెట్టాను.

సాయంత్రం దొర వచ్చి, నీళ్ళు చూసి, తలూపి వెళ్ళిపోయాడు. ఆ కాగితం రాసింది సీమ చలికని గుమాస్తాగారు తరవాతెప్పుడో ఎవరినో అడిగి తెలుసుకున్నారు. అప్పటి నుంచీ మా మేడలో అందరికీ అదో వేడుక. చలిగాలి వీస్తే చాలు, పంపుకి బొంత కప్పావా అని మెట్ల మీదే ఆపి అడిగేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నేను మాత్రం మళ్ళీ ఎన్నడూ నవ్వలేదు.