మంచం తిప్పమని అడగలేకపోయాను

డెబ్భై రెండు ఎండాకాలంలో ఒకరోజు మా ఆయన మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఆయన లారీ డ్రైవరు. బెజవాడలో ఉన్న రోజున అన్నం ఇంట్లోనే తినాలనే మనిషి. నేను గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతుంటే ఆటోనగర్ నుంచి మెకానిక్ సైకిలు మీద వచ్చాడు. "కంగారుపడకండి అక్కయ్యా, జాకీ జారి కాలికి తగిలిందంతే" అన్నాడు. ఆ మాట అంటూనే ఏడుస్తున్నాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎడమ తొడ ఎముక రెండు ముక్కలైంది. "ఫీమర్ ఫ్రాక్చర్. ట్రాక్షన్ పెడతాం. ఎనిమిది వారాలు కదలకూడదు" అన్నారు డాక్టరుగారు.

"మళ్ళీ లారీ తోలతానా అండీ?" అని ఆయన అడిగారు. క్లచ్చి తొక్కేది ఆ కాలితోనే.

"లైన్ చెడకుండా అతుక్కుంటే ఎందుకు తోలవయ్యా" అన్నారు డాక్టరుగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి ఆశా ఆ ఒక్క మాట మీదే.

మోకాలి కింద పిన్ను వేసి, దానికి తాడు కట్టి, తాడు చివర బరువులు వేలాడదీశారు. తాడు కప్పీ మీదుగా వెళ్ళేది. ఆ కప్పీ మంచం కాళ్ళవైపు బిగించిన ఇనప చేతికి ఉండేది. దాన్ని వాళ్ళు ఆర్మ్ అనేవాళ్ళు. కుడికాలికైనా ఎడమకాలికైనా పనికొచ్చేలా అది పక్కలకి తిరుగుతుంది. నట్టు వదులు చేస్తే తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. మా ఆయనకి అది ఎక్కడ ఆగాలో ఎస్తేరు సిస్టరు ఎర్ర రంగుతో గీత పెట్టింది. "ఈ గీత దాటకూడదండీ" అని నాకు చూపించి మరీ చెప్పింది.

పామర్రు నుంచి అత్తయ్య వచ్చారు. కొడుకు కాలు చూడలేదు, ముందు దిక్కు చూశారు. "ఇదేంటే రాజ్యం, వీడి తల ఉత్తరానికుంది? మీ మామయ్య ఇలాగే పడుకుని పోయారు."

మంచాలన్నీ వరసగా అలాగే ఉన్నాయని చెప్పాను. ఆవిడ ఊరుకోలేదు. చెప్పింది అత్తయ్యే గానీ చేసింది నేను. ఆ రాత్రి నుంచి నాకూ ఆ దిక్కు తప్ప ఇంకేం కనపడలేదు. సిస్టర్ని అడుగుదామనుకున్నాను. చదువుకున్నవాళ్ళు, పల్లెటూరి మొద్దు అని నవ్వుతారనిపించి నోరు రాలేదు.

రోజూ మధ్యాహ్నం సిస్టర్లు భోజనానికి వెళ్ళినప్పుడు బరువు ఎత్తి స్టూలు మీద పెట్టేదాన్ని. ఆయన తలగడ తూర్పు మూలకి జరిపేదాన్ని. ఒళ్ళంతా ఏటవాలుగా వచ్చేది కాబట్టి నట్టు వదులు చేసి ఆర్మ్ కూడా తిప్పేదాన్ని. తల నేను కోరినంత జరిగేది, ఆర్మ్ మాత్రం సగమే తిరిగేది. సాయంత్రం రౌండ్స్‌కి ముందు అన్నీ మళ్ళీ ఎర్ర గీత దగ్గరికి తెచ్చి పెట్టేదాన్ని.

"సిస్టరుగారు తిప్పొచ్చన్నారా?" అని ఆయన మొదటిరోజే అడిగారు.

"అన్నారు" అన్నాను.

బరువు లేకపోయేసరికి ఆయనకి నెప్పి తగ్గేది. "నీ చేతిలో ఏదో ఉందే" అని మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడోవారం ఎక్స్‌రేలో లైన్ కొంచెం తేడాగా ఉందని బరువు పెంచారు. భయపడి రెండు రోజులు ఆర్మ్ జోలికి పోలేదు. సరిగ్గా అప్పుడే ఆయనకి జ్వరం వచ్చింది. అత్తయ్య నా వైపు చూశారు. మళ్ళీ మొదలుపెట్టాను.

ఎనిమిదో వారం డాక్టరుగారు ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. "మాల్‌యూనియన్. ఎముక వంకరగా అతుక్కుంది. కాలు పొట్టిదైంది. ఎవరన్నా ఆర్మ్ కదిపారా?"

"సిస్టరుగారే తిప్పుకోమన్నారు గదండీ" అన్నారు మా ఆయన, పాపం, నిజమనుకునే.

"నేను అనలేదు డాక్టర్" అంది ఎస్తేరు సిస్టరు. నా వైపు చూసింది. నేను తల వంచుకుని దుప్పటి సర్దాను. మర్నాటి నుంచి ఆవిణ్ణి ఇంకో వార్డుకి మార్చారు.

రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. మూడోరోజు డాక్టరుగారి గదికి ఒక్కదాన్నే వెళ్ళి అంతా చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"దిక్కు కోసమా అమ్మా? ఒక్క మాట అడిగితే మంచాన్నే తిప్పించేవాణ్ణి కదా. మంచంతోపాటు ఆర్మ్ కూడా తిరుగుతుంది. నలుగురు మనుషులు పట్టుకుంటే అయిపోయే పని" అన్నారు.

మీ ఆయనకి ఈ సంగతి నువ్వే చెప్పుకో అన్నారు గానీ నాకు ధైర్యం చాలలేదు. ఎముక మళ్ళీ విరిచి ప్లేట్ వెయ్యొచ్చన్నారు గానీ మా ఆయన ఒప్పుకోలేదు. నేను ఆ రోజే ఎస్తేరు సిస్టర్ని వెతుక్కుంటూ పిల్లల వార్డుకి వెళ్ళి అంతా చెప్పాను. "మాటపడ్డందుకు బాధ లేదండీ. నేను చూస్తే మీరు మొహం తిప్పుకున్నారే, దానికి బాధ" అంది. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

ఇప్పుడు ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో గుమాస్తా. ఎడమ చెప్పుకి ఒకటిన్నర అంగుళం మందాన అట్ట వేయిస్తాం. ఎవరన్నా కాలి సంగతి అడిగితే, "ఒక సిస్టర్ చేసిన నిర్వాకం. మా ఆవిడ కనిపెట్టుకుని ఉండబట్టి ఈమాత్రం నడుస్తున్నాను" అని చెప్పేవారు. నేను పక్కనే ఉండి కాఫీ అందించేదాన్ని. ఏడేళ్ళు అందించాను.

ఇది రాసి ముందు ఆయనకే చదివి వినిపించాను. చివరిదాకా విన్నారు.

"ఆ సిస్టరుగారికి ఎప్పుడు చెప్పావు?"

"మూడోరోజున."

ఆయన చెప్పులు వేసుకోవడానికి వంగారు. "పరాయి మనిషికి మూడు రోజులు. నాకు ఏడేళ్ళా రాజ్యం?" అని కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నానికి వచ్చారు గానీ తనే వడ్డించుకున్నారు.

ఆసుపత్రిలో మీ మనిషి మంచానికి బిగించినది ఏదైనా సరే, మీ చేతికి అందుతోంది కదా అని ముట్టుకోకండి. ముందు అడగండి, నవ్వితే నవ్వుతారు. అడక్కుండా ముట్టుకున్నారా, ఆ పూటే చెప్పెయ్యండి. మొట్టమొదట ఆ మంచం మీదున్న మనిషికి చెప్పండి.