మాట్లాడే గంటె

మొన్న గూళూరు పంచాయితీ సభలో నా చేతికి మైకిచ్చారు. చల్లటి ఇనుము అరచేతికి తగలగానే ఎక్కడిదో సాంబారు వాసన వచ్చినట్టయింది.

అప్పుడు నేను రెండో తరగతి. మాది సరిహద్దు ఊరు; ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కొత్తగా వచ్చిన టీచరమ్మకు తెలుగు రాదు. ఒకరోజు మా గోల భరించలేక, ఆఫీసు గదిలోని గంట కోసం "గంటె తగొండు బా", తీసుకురా అని కన్నడలో చెప్పి నన్ను పంపింది. మా ఇళ్ళలో గంటె అంటే గరిటె. బడి వంటగదికి పరిగెత్తి, సాంబారు కారుతున్న పొడుగాటి గంటె పట్టుకొచ్చాను. వెనకే వంటామె వచ్చింది.

"నా గంటె యాడికి ఎత్తుకపోతాండావే పాపా?"

తరగతంతా ఘొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది. సంగతి తెలుసుకున్న టీచరమ్మ గంటె కడిగించి నా చేతికే ఇచ్చి, ఇకపై ఇది పట్టుకున్నవాళ్ళే మాట్లాడాలంది. బెత్తంతో మమ్మల్ని అదిలించే క్లాసు లీడరు కూడా, టీచరమ్మ బయటికెళ్ళినా నోరు మెదపలేదు. అంతవరకూ కన్నడలో నోరు విప్పని నేను మొదటిసారి నా పేరు గట్టిగా చెప్పాను. గంటెలో మంత్రముందని నమ్మాను. అందరం ఊరకుండడానికి ఒప్పుకున్నామంతే అని పెద్దయ్యాకే తెలిసింది.

మొన్నటి సభలో వెనక వరుసలో ఒక పెద్దామె చెయ్యెత్తి, ఎవరూ చూడకపోయేసరికి దించేసుకుంది. వెళ్ళి మైకు అందించాను.

"నేనేం మాట్లాడేదమ్మా?"

"పట్టుకోమ్మా, వింటారు."

ఆమె దాన్ని గంటెలాగే పిడికిట బిగించింది. సభంతా ఊరకుండిపోయింది.