సంతలో అమ్మేది మా చిన్నాన్న కాదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ నోరెత్తని వాసన ఒకటుండేది. అది మా చిన్నాన్న సైకిలు వెనక కట్టిన గంపల్లోంచి వచ్చేది. ఎండుచేపల వాసన. ఆయన వీధి మలుపు తిరిగాడని తెలియగానే మా అమ్మ పెరటి తలుపు తీసి పెట్టేది. ఎదర గుమ్మంలోంచి వస్తే నాన్న మొహం ఎలా అవుతుందో ఆమెకు తెలుసు. చిన్నాన్న కూడా ఎవరూ చెప్పకుండానే అటు తిరిగి వచ్చేవాడు.

మాది చీపురుపల్లికి రెండు కోసుల దూరంలో చిన్న పల్లె. వరి, చోళ్ళు, గోగునార పండించుకునే ఇళ్ళు. మా నాన్న ఆ ఇళ్ళలోంచి బడిపంతులైనవాడు. తమ్ముడు తనకంటే ఒక మెట్టు పైనుండాలని పట్టుబట్టి విజయనగరంలో బియ్యెస్సీ చదివించాడు. వృక్షశాస్త్రం. మా ఊళ్ళో అదే మొదటి డిగ్రీ. చిన్నాన్న పాత పేపర్ల మధ్య ఆకులు పెట్టి, రోజూ పేపర్లు మార్చి ఎండబెట్టి, అట్టల మీద అంటించి పేర్లు రాసేవాడు. ఆ అట్టల్ని ఎవరైనా వస్తే చూపించమని నాన్న నన్నే పంపేవాడు. నేను పెద్ద పండితురాలిలా ఒక్కో అట్టా తిప్పుతూ నోరు తిరగని ఆ పేర్లు చదివేదాన్ని. మా చిన్నాన్న పెద్ద ఆఫీసరవుతాడని బళ్ళో చెప్పుకుని తిరిగింది కూడా నేనే.

ఆఫీసరు కాలేదు. రెండేళ్ళు దరఖాస్తులు పెట్టాడు. పిలిచిన చోటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు, వచ్చాడు. మూడో ఏడు నౌపడ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఒక స్నేహితుడి ఊరు వెళ్ళి వారం దాకా రాలేదు. వచ్చినప్పుడు రెండు గంపలతో వచ్చాడు. అక్కడ చేప ఇసకలోనే ఎండుతోందట, వాన పడితే పాడైపోతోందట. ఉప్పుమళ్ళు పక్కనే ఉన్నాయి. పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలెక్కితే కొండ సంతల్లో ఎండుచేపకి జనం ఎదురుచూస్తున్నారు. ఆయన వెదురు తడికెలు ఎత్తుగా కట్టించి వాటి మీద ఎండబెట్టించాడు. రెండు వైపులా గాలి తగలాలి, ఆకైనా అంతేనని నాతో అన్నాడు. ఆ చేప తింటే పంటికింద ఇసక తగలదని ఆరు నెలల్లో సంతసంతకీ పాకిపోయింది. ఆడవాళ్ళు బియ్యెస్సీ బాబు గంప ఎక్కడుందని వెతుక్కుని వచ్చేవారు.

మా నాన్నకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆకులెండబెట్టే చదువు చెప్పిస్తే చేపలెండబెడుతున్నాడని ఎవరో రచ్చబండ దగ్గర నవ్వారట. ఆ మాట ఆయన కడుపులో ముల్లులా ఉండిపోయింది. విచిత్రమేమిటంటే నాన్నకు ఎండునెత్తళ్ళు వేసిన వంకాయ పులుసంటే ప్రాణం. తినడానికి లేని సిగ్గు అమ్మడానికి ఎందుకొచ్చిందో ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ ఏం తక్కువ తినలేదు. సంత రోజున బడి నుంచి వచ్చేటప్పుడు స్నేహితురాళ్ళతో చుట్టుదారి పట్టేదాన్ని, ఆయన కంటబడి నన్ను పేరు పెట్టి పిలుస్తాడేమోనని. అప్పటికి నాకు పదేళ్ళు.

అలాంటప్పుడు ఆమదాలవలస వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి విజయనగరంలో చిన్నాన్న చదివిన కాలేజీలోనే ఆయనకంటే రెండేళ్ళు వెనక చదివింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది తక్కువే. కానీ ఆ ఊరి పేరు విన్న రోజు చిన్నాన్న గంపలు కడుగుతూ ఈల వేశాడు. నన్ను దగ్గరకు పిలిచి, ఆవిణ్ణి పిన్నీ అని పిలవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఇంతకుముందు చూడలేదు. ఈ సంబంధం కుదరాలని ఆయనకెంత ఉందో ఆ రోజే నాకు తెలిసింది.

నాన్న పెళ్ళిళ్ళ పేరయ్యతో తమ్ముడు ఒక ప్రైవేటు కాలేజీ లాబొరేటరీలో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పాడు. చిన్నాన్న కాదనలేదు, అవుననలేదు. వాళ్ళు వస్తే నేనే మెల్లగా చెబుతాలే వదినా అని అమ్మతో అన్నాడు. ముందు ముడిపడనీ, తర్వాత సముద్రంలో దూకినా నాకభ్యంతరం లేదని నాన్న అన్నాడు. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

పిల్ల తాత, తండ్రి మా ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆ వారమంతా ఇంట్లో ఎండుచేప ముక్క కనిపించడానికి వీల్లేదు. గంపలు పక్కింటి వాళ్ళ పశువుల సాలలోకి వెళ్ళాయి. అమ్మ చిన్నాన్న చేతులకు చింతపండు, బూడిద, సున్నిపిండి ఒకదాని మీద ఒకటి పెట్టి తోమించింది. పొద్దున్నే ఎంత సాంబ్రాణి వేసిందంటే వచ్చినవాళ్ళు గుమ్మంలోనే దగ్గుతూ నిలబడిపోయారు. మీ ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పూనిందా అని పిల్ల తాత అడిగాడు. మొగమాటం లేని పెద్దాయన. నేల మీదే చతికిలబడి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకాయన నచ్చాడు. ఆకుల అట్టలన్నీ తెచ్చి చూపించాను.

అంతా సవ్యంగానే నడిచింది. భోజనాలకు కూర్చున్నారు. అమ్మ పప్పు, దప్పళం, గుమ్మడికాయ కూర, గారెలు వడ్డించింది. పెద్దాయన నాలుగు ముద్దలు తిని, పప్పులో నంజుకోవడానికి ఏదో వెలితిగా ఉన్నట్టు ఆకు మీద వెతికి, వంటింటి వైపు చూసి అడిగాడు. “ఒక ఎండుసేప ముక్క కాల్సి ఎయ్యమ్మా. అది లేకపోతే నాకు పప్పు దిగదు.”

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాన్న నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. చిన్నాన్న తలెత్తాడు, ఏదో చెప్పబోతున్నట్టు. అంతలో నేనే మాట అందుకున్నాను. నన్నెవరూ అడగలేదు. ఆ మాట చెప్పమని ఎవరూ నేర్పలేదు. “మా ఇంట్లో ఎండుచేపలుండవు తాతా. మా చిన్నాన్న లాబొరేటరీలో చేస్తాడు. సంతలో అమ్మేది మా చిన్నాన్న కాదు” అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, ఆ సామెత నాకంటే బాగా ఎవరికీ సరిపోదు. పెద్దాయన నా వైపు చూశాడు. తర్వాత నాన్న వైపు. అప్పుడు చిన్నాన్న విస్తరి ముందు నుంచి లేవకుండానే, నిదానంగా చెప్పాడు. సంతలో అమ్మేది నేనే, నౌపడలో ఉప్పు కొంటాను, ఒడ్డున చేప కొంటాను, ఇంత దూరం తెస్తాను, మా అన్నయ్య పరువు పోతుందని దాచాడు, నేనూ దాచనిచ్చాను అన్నాడు. చేప వాసన ఇంకా ఉందేమోనన్నట్టు ఎడమ చెయ్యి మాత్రం మోకాలి కింద దాచుకున్నాడు.

పెద్దాయన అన్నం వదలలేదు. మొత్తం తిన్నాడు, మజ్జిగ తాగాడు, చెయ్యి కడుక్కున్నాడు. వీధిలో చెప్పులేసుకుంటూ నాన్నతో అన్న మాట గుమ్మం చాటు నుంచి విన్నాను. “సేపలమ్ముతాడని ముందే సెప్పుంటే పిల్లనిచ్చీసి ఉందుము మాస్టారూ. కష్టపడే కుర్రోడే. సిన్నపిల్ల సేత కూడా అబద్ధం ఆడించీసినారు. రేపు మా పిల్ల సేత ఏటి ఆడిస్తారో ఏటో!”

ఆడించలేదు, నేనే ఆడాను అని పరుగెత్తుకెళ్ళి చెప్పి ఉండాల్సింది. వాళ్ళు బస్సు దగ్గరకు నడిచేదాకా పావుగంట టైముంది. నేను గుమ్మం చాటునే నిలబడ్డాను.

ఆ సాయంత్రం నన్నెవరూ తిట్టలేదు. నాన్న అరుగు మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిన్నాన్న సాలలోంచి గంపలు తెచ్చుకుని కడిగి ఆరబెట్టుకున్నాడు. మర్నాడు సంతకు వస్తావా అని నన్నడిగాడు. భయంతో ఊఁ అన్నాను. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, కుప్పల పక్కన గోనె పరిచి కూర్చోబెట్టాడు. నెత్తళ్ళు ఒకవైపు, రిబ్బనులాంటి పొడుగు సావడాయలు ఒకవైపు. జనం వస్తున్నారు, పోతున్నారు. ఒక ముసలమ్మ బేరమాడుతూ నన్ను చూసి, “ఎవులీ పిల్ల? నీకేటవుతాడే ఈ బాబు?” అంది.

చిన్నాన్న తక్కెడ పట్టుకుని ఉన్నాడు. విన్నాడు. కావాలనే జవాబు చెప్పకుండా నా కోసం ఆగాడు. అది నాకిప్పుడు అర్థమవుతుంది. దిద్దుకోవడానికి నాకో అవకాశం ఇచ్చాడు. ఆ క్షణాన సంత చివర మా తరగతి పిల్లలిద్దరు వాళ్ళమ్మతో వస్తూ కనిపించారు. నేను తల దించుకుని, మా ఊరాయన అన్నాను.

ఆయన తక్కెడ దించలేదు. ముసలమ్మకు తూచి ఇచ్చాడు, గుప్పెడు నెత్తళ్ళు కొసరు వేశాడు. తిరిగి వచ్చేటప్పుడు పకోడీలు కొనిపెట్టాడు. నేను ఏడుస్తూనే తిన్నాను. సైకిలు తొక్కుతూ చిన్నాన్నే అన్నాడు. “ఏడవకే. మూడు వారాలు నా పనికి నేనే సాక్ష్యం సెప్పలేదు. ఆ పిల్ల మీద ఆశతో నోరు మూసుకున్నాను. నన్ను సూసే గదా నువ్వు నేర్సుకున్నావు.”

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే అక్కడితో చెల్లిపోయేది.

ఆ అమ్మాయికి ఏడాది తిరక్కుండా వేరే చోట పెళ్ళయింది. చిన్నాన్నకు మరో ఆరేళ్ళకు గాని కాలేదు. మా పిన్ని చాలా మంచిది, వాళ్ళు బాగానే బతికారు, అది నేను ఒప్పుకోవాలి. వ్యాపారం కూడా ఎక్కడికో వెళ్ళింది. ఒడ్డు పొడుగునా ఊరూరా తడికెలు లేచాయి, లారీలు వచ్చాయి. ముప్పై కుటుంబాలు ఆయన దగ్గర పనిచేసేవి. ఎవరి చేపలోనైనా ఇసక ఉంటే బియ్యెస్సీ బాబుకి చెబుతామని బెదిరించుకునే స్థాయి వచ్చింది. తర్వాత తర్వాత నాన్న కూడా గర్వంగానే చెప్పుకున్నాడు. కానీ ఆమదాలవలసలో రైలు ఆగినప్పుడు చిన్నాన్న కిటికీ వైపు చూడకుండా పేపరు తెరిచేవాడు. నేను పక్కన ఎన్నిసార్లు కూర్చున్నానో! ఒక్కసారీ క్షమించమని అడగలేకపోయాను. ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. ఇక అడగడానికి లేదు.

నేనూ బియ్యెస్సీ చదివాను. ముప్పై ఏళ్ళు సైన్సు టీచరుగా చేశాను. పని ఏదైనా గౌరవమే అని ఈ కథనే ఎవరిదో అన్నట్టు ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మా అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. రెండేళ్ళు ఒక మందుల కంపెనీలో చేసి మానేసి, ఇప్పుడు విశాఖపట్నంలో పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేస్తుంది. దాని కింద ఏడుగురు పనిచేస్తున్నారు. నెలల ముందే ముహూర్తాలకు దాన్ని మాట్లాడుకుంటారు. మొన్న శ్రీకాకుళంలో బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్తే పాత సహోద్యోగిని కనిపించి మీ అమ్మాయి ఏం చేస్తోందని అడిగింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అండీ, ఏదో సొంతంగా చేసుకుంటోంది అన్నాను. అమ్మాయి నా వెనకే ఉంది. మేకప్ చేస్తానండీ, మీ ఇంట్లో పెళ్ళుంటే చెప్పండి అని నవ్వుతూ ముందుకొచ్చి ఫోను నంబరు ఇచ్చింది. కారులో కూర్చున్నాక దారిలో టీ తాగుదామా అమ్మా అని మాత్రం అడిగింది.

ఆ రాత్రే అనుకున్నాను, ఇది రాయాలని, ఈసారి ఎవరిదో కథలా కాకుండా, మా ఇంట్లో జరిగినట్టే. కాగితం మీద మొదటి వాక్యం ఇలా వచ్చింది: మా చిన్నాన్న వ్యాపారం చేసేవాడు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన లేడు, పెద్దాయన లేడు, చూడడానికి బడి పిల్లలూ లేరు. అయినా అరవై నాలుగేళ్ళ దాన్ని, ఒక్కదాన్నే కూర్చుని, ఎండుచేపలనే మాట రాయలేకపోయాను. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను.