సగం తిప్పితే ఏడువందలు

నలభై ఏళ్లు జనాల గోడలు తొలిచి వైర్లు లాగిన తాత, ఇప్పుడు తన తలే గోడకేసి బాదుకునేలా ఉన్నాడు. దీపాల వెలుగు తగ్గించే డిమ్మరులోనే, కరెంటు ఎంత ఖర్చవుతుందో చూపే చవక మీటరు ఇమడ్చాలని ఆయన పంతం. నాటకాల హాలు మేనేజరు సాయంత్రం నాలుగింటికి వస్తాడు. మీటరు నిజం చెబితే హాలంతా తాత డిమ్మర్లే.

పరీక్షకు పెట్టిన బల్బులు మాడిపోవడంతో, నాయనమ్మ నీళ్లు కాచుకునే వెయ్యి వాట్ల రాడ్డును తాత డిమ్మరుకు తగిలించాడు. నాబ్ పూర్తిగా తిప్పితే మీటరు వెయ్యి చూపింది. సగానికి తిప్పితే ఏడువందలు.

"చూశావా, ఎంత చక్కగా చెబుతోందో!"

"చెప్పడానికేం, నోరుంది," అంది నాయనమ్మ. "నిండుగా తిప్పినప్పుడు ఈ బకెట్టు ఆరు నిమిషాల్లో గోరువెచ్చనైంది. సగానికి తిప్పితే పన్నెండు పట్టింది. ఏడువందలైతే అంతసేపెందుకండీ?"

"గడియారం సరిగా చూసుండవు."

"మీ మీటరు కంటే నయంగానే చూశాను."

తాత నీళ్లు మార్చి, తానే గడియారం ముందు నిలబడ్డాడు. పన్నెండు నిమిషాలే. అంటే అక్కడున్నది అయిదువందలు. రెండువందల వాట్లు గాల్లోంచి పుట్టించాడన్నమాట, మహానుభావుడు.

కాగితం తీశాడు, గీశాడు, చించాడు. చివరికి తప్పు దొరికింది, ఒళ్లు మండింది. డిమ్మరు కరెంటు అలను ప్రతిసారీ సగం కోసేస్తోంది. కోసేసిన ముక్కలో రాడ్డుకు వోల్టులే అందవు. తాతేమో గోడలోంచి వచ్చే వోల్టులన్నిటినీ ఆంపులతో గుణించేశాడు. ఏ క్షణం వోల్టును ఆ క్షణం ఆంపుతోనే గుణించి, ఆ తర్వాత సగటు తీయాలి.

"ఇన్నేళ్ల అనుభవం ఏట్లో కలిపానే!"

"ముందు చొక్కా మార్చుకోండి. ఆయన వచ్చే వేళైంది."

మేనేజరు అన్నట్టే వచ్చాడు. తాత చెయ్యి నాబ్‌ను నేరుగా చివరిదాకా తిప్పింది.

"వెయ్యి! భలే, మేస్త్రీగారూ!" అన్నాడు మేనేజరు. "ఇంకేం, బిగించేద్దాం."

నాయనమ్మ బకెట్టు వైపు చూసిందంతే. తాతకు ఆ చూపు చాలు. పళ్లు కొరుకుతూ నాబ్‌ను మధ్యకు తెచ్చాడు.

"ఇక్కడ అబద్ధమాడుతోందండీ. అయిదువందలుంటే ఏడువందలంటోంది."

"మా దీపాలు ఎక్కువసేపు ఉండేది సగం వెలుగులోనే కదా!" మేనేజరు మొహం చిన్నబోయింది. "సరిచేశాక కబురు పెట్టండి. అప్పటికి వేరేవాళ్లవి బిగించకపోతే చూద్దాం."

ఆయన చెప్పులు మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా తాత కదల్లేదు. తర్వాత రాడ్డు పీకేసి, కుర్చీలో కూలబడి, రెండు కాళ్లూ బకెట్టులో పెట్టాడు.

"అయ్యో, బట్టలకని ఉంచిన నీళ్లండీ అవి!"

"ఉతుక్కో, ఎవరొద్దన్నారు?" తాత విసుక్కుంటూ పెన్సిలు వెతుక్కున్నాడు. "రేపు మాత్రం బకెట్టు ముట్టుకోకు. పావు దగ్గర ఎంత అబద్ధమాడుతోందో అదీ తేల్చాలి."