మూడు పూటల బేరం

నిన్న పొద్దున కూరగాయలకని బయలుదేరి మలుపు తిరిగానో లేదో, ఎవరింటి గాబులోనో నానబెట్టిన పల్లిచెక్క దాణా వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఆ పుల్లని వాసనకు ఎవరైనా ముక్కు మూసుకుంటారు, కాస్త తెలిసినవాళ్ళయితే బర్రెలను తలుచుకుంటారు. నాకు మాత్రం ఎలక్ట్రిక్ గిటారు గుర్తుకొచ్చింది. సంచీ పట్టుకుని నడివీధిలో నిలబడి నాలో నేనే నవ్వుకుంటుంటే, రిక్షా అతను "జర పక్కకు జరుగమ్మా" అని కసిరాడు. ఈ ముసలిదానికి మతి పోయిందనుకుని ఉంటాడు, పాపం. ఆ గిటారుకూ ఈ చెక్కకూ పొత్తు ఎలా కుదిరిందో తెలియాలంటే ముందు మా మల్లక్క సంగతి చెప్పాలి.

పందొమ్మిది వందల యాభైలలో మేము హైదరాబాదు మాదన్నపేటలో ఉండేవాళ్ళం. మా బాపు గుడిలో పూజారి. మా గోడకు ఆనుకునే మల్లక్క ఇల్లు, ఆ ఇంటికి రెండింతలు ఆమె బర్రెల కొట్టం. పదకొండు బర్రెలు, ఇద్దరు జీతగాళ్ళు, గల్లీ చివరిదాకా వినబడే గొంతు. భర్త పోయాక కొట్టం అమ్మేస్తుందనుకున్నారట అందరూ. ఆమె అమ్మలేదు సరికదా, మరో రెండు బర్రెలు కొన్నది. మా గల్లీలో అందరికన్నా ముందు కరెంటు పెట్టించుకున్నదీ ఆమే, అదీ ఇంట్లో కాదు, కొట్టంలో. ఇదేం చోద్యమని మా అమ్మ అడిగితే, "మనుషులకు కందిలి చాలమ్మా. చీకట్ల బర్రె తంతె పండ్లు రాల్తయి" అన్నది. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనన్న ఫికర్ ఆమెకు ఉండేది కాదు. అయినా ఆమె మీద ఎవరికీ కోపం నిలిచేది కాదు. మాట అనేసి, మరుక్షణం చెంబులో ఇంకో గుక్కెడు పాలు ఎక్కువే పోసేది.

నేను పదహారేళ్ళ దాకా వీణ నేర్చుకున్నాను. బ్రహ్మాండంగా వాయించేదాన్నని చెప్పుకోవచ్చు, కాదనడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. ఒక పండగనాడు గుడి పెద్దతలుపు మూస్తూ ఎడమచేతి రెండు వేళ్ళు సందులో నలగ్గొట్టుకున్నాను. ఎముకలు అతుక్కున్నాయి గానీ, వేళ్ళు సగం వంగి అక్కడే ఆగిపోయాయి. తీగను నొక్కిపట్టి లాగే బలం వాటికి మళ్ళీ రాలేదు. బాపు వీణకు గలీబు తొడిగి అటక మీద పెట్టాడు. ఎవరైనా చుట్టాలు వచ్చి "ఏదీ, ఒక కీర్తన వినిపించు" అంటే, చెయ్యి కొంగులో దాచుకుని లేచిపోయేదాన్ని. ఆ తర్వాత బాలికల బడిలో పంతులమ్మనయ్యాను. నలుగురిలో నవ్వుతూనే తిరిగాను. కానీ ఎక్కడైనా సంగీతం వినబడితే దారి మార్చి పక్క గల్లీలోంచి పోయేదాన్ని. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

ఆరో ఏట మా బడి వార్షికోత్సవానికి రైల్వే ఆఫీసరు భార్య ఒకావిడ వచ్చి, గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించింది. ఆమె ఏం వాయించిందో నన్నడగవద్దు. నేను ఆమె ఎడమచేతినే చూస్తూ కూర్చున్నాను. ఆమె వేళ్ళతో తీగలు నొక్కడం లేదు! చేతిలో చిన్న ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద జారుస్తోంది, స్వరం ఒకదానిలోంచి ఒకటి జారిపోతోంది. ఆ కడ్డీని పట్టుకోవడానికి వేళ్ళు సగం వంగితే చాలు. కొంగు చాటున నా వేళ్ళను ఒకసారి వంచి చూసుకున్నాను. మర్నాడు పాలు పోయడానికి వచ్చిన మల్లక్కకు గుమ్మంలోనే చెప్పేశాను. బాపుకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

"అయితే కొనుక్కో మరి, నన్నేంది అడుగుడు?" అన్నది.

"అఫ్జల్‌గంజ్‌ల పాత సామాన్ల దుకాణంల ఒకటున్నదట, మల్లక్కా. కరెంటుతోని మోగేది. కానీ పాతది. నాకేం తెలుస్తది, మోసపోతనేమో."

"పాతదైతే ఏంది? నా కొట్టంల ఉన్నయన్నీ ఒకరి కాడికెల్లి కొన్నయే. ఆయితారం నేనొస్త, పా. బేరం సంగతి నాకిడిసిపెట్టు, నువ్వు నోరు మూసుకొని నిలబడు."

ఆ దుకాణం మహబూబ్ సాబ్‌ది. పాత గ్రామఫోన్లు, గోడ గడియారాలు, హార్మోనియాల మధ్య సన్నగా, మర్యాదగా కూర్చునే పెద్దమనిషి. పక్కనున్న చాయ్ హోటలుకు మల్లక్కే పాలు పోస్తుంది కనుక ఇద్దరికీ ముఖపరిచయం ఉంది. ఆయన గిటారును బల్ల మీద పెట్టి, దాని వైరును రేడియోలాంటి పెట్టెకు తగిలించాడు. మల్లక్క కొంగు నడుముకు బిగించి గిటారు చుట్టూ రెండు సార్లు తిరిగింది. తట్టి చూసింది. వంగి అడుగు చూసింది. మెడ పట్టుకుని పైకెత్తి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎన్ని చేతులు మారింది, భాయ్?" అని అడిగింది. ఆయన రెండు అన్నాడు. మూడు అని ఈమె తేల్చేసింది. ఆ తర్వాత అసలు మాట బయటపెట్టింది.

"మూడు పూటలు చూసినంకనే మాట్లాడుకుందాం. ఇయ్యాల పొద్దుగాల, ఇయ్యాల మాపటికి, రేపు పొద్దుగాల పిల్లకు బడి, గందుకని మల్ల రేపు మాపటికి."

బర్రెల బేరంలో ఇది రివాజు. అమ్మేవాళ్ళు ముందటి పూట పాలు పిండకుండా ఆపి పొదుగు నిండుగా చూపిస్తారు. అందుకని కొనేవాళ్ళు అమ్మేవాళ్ళ వాకిట్లోనే వరసగా మూడు పూటలు తామే పిండి చూసుకుని, అప్పుడు ఖాయం చేసుకుంటారు. మహబూబ్ సాబ్‌కు ఈ సంగతి తెలియక కాదు, తెలిసే నెత్తి పట్టుకున్నాడు.

"అరె మల్లమ్మా! యే బాజా హై, భైంస్ నహీ!"

"బాజా అయితే ఏంది, బర్రె అయితే ఏంది? అమ్మెటోడు అమ్మెటోడే గద, భాయ్!"

హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆయనా నవ్వేసి, "ఠీక్ హై, కూర్చో బేటీ" అని నాకు స్టూలు చూపించాడు. నాకు భూమిలోకి కుంగిపోయినట్లయింది. గిటారు ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కో తీగ మీటాను. దుకాణమంతా ఖంగున నిండింది ఆ శబ్దం. కడ్డీ బల్ల మీద అలాగే ఉంది, ఎడమచెయ్యి కొంగులో అలాగే ఉంది. "బాగానే ఉన్నది" అని రెండు నిమిషాల్లో లేచిపోయాను. మల్లక్క నా కొంగు వైపు ఒకసారి చూసి, మాపటికి మళ్ళీ వస్తామని ఆయనకు చెప్పింది.

సాయంత్రం పూట మాత్రం తొందరగా లేవనివ్వలేదు. "మీటు, మీటు" అంటూ అరగంట కూర్చోబెట్టింది. ఆ పెట్టె వేడెక్కి, శబ్దం సన్నబడి సన్నబడి చివరకు బుస్సుమని చల్లారిపోయింది. మల్లక్క ముఖం చూడాలి అప్పుడు, లాటరీ తగిలినట్లు వెలిగిపోయింది. "సూసినవా భాయ్! పొద్దుగాల నిండు చెంబు, మాపటికి అడుగు తడువలే!" మహబూబ్ సాబ్ నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. అరగంట సేపు ఎవరూ వాయించి చూడలేదనీ, తనకు తెలియదనీ ఒట్టేసి, రేపటికల్లా బాగు చేయిస్తానన్నాడు. అన్నట్లే చేయించాడు కూడా. సోమవారం బడి వదిలాక మేము వెళ్ళేసరికి ఆ పెట్టె గంట నుంచి మోగుతోంది, శబ్దం చెక్కు చెదరలేదు. "ఇక ఇంటికి తీసుకుపో, అమ్మా" అన్నాడు.

"మూడో పూట బాకీ ఉన్నది" అన్నది మల్లక్క.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెట్టె బాగైంది గదా! ఇంకేం చూడాలె నీకు? నలుగుట్ల నన్ను నవ్వులపాలు చేస్తున్నవ్!" అని గట్టిగానే అరిచాను. ఆమె మీద నేను గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆమె నొచ్చుకోలేదు. నా పక్కన మునికాళ్ళ మీద కూర్చుని, అంత పెద్ద గొంతునూ తగ్గించి చెప్పింది. "పెట్టెను ఎవరు సూస్తుండ్రు బిడ్డా? రెండు పూటలు బర్రెను సూస్తం. మూడో పూట చెయ్యిని సూస్తం. చెయ్యి కుదరకుంటె ఎంత మంచి బర్రె అయినా పాలిడువది. నువ్వేమో రెండు పూటల సంది ఒక్క చేత్తోనే పిండుతున్నవ్."

నా కొంగులోంచి ఆమే నా చెయ్యి బయటికి తీసింది. పేడ, పాలు, పలుపుతాళ్ళతో మొద్దుబారిన ఆమె వేళ్ళు నా వంకర వేళ్ళను పట్టుకుని, మధ్యలో ఆ కడ్డీని పెట్టాయి. అది జారి ఠంగున నేల మీద పడింది. మళ్ళీ పెట్టింది. ఈసారి నిలిచింది. తీగ మీద ఆనించి జరిపితే పిల్లి తోక తొక్కినట్లు కుయ్యిమంది. హోటలువాళ్ళు నవ్వారు. అందరికన్నా పెద్దగా మల్లక్కే నవ్వి, "కొత్త చెయ్యి గద, మొదలు తంతది! మల్ల పట్టు!" అన్నది. మళ్ళీ పట్టాను. మళ్ళీ. ఎన్నోసారో తెలియదు, షడ్జంలోంచి రిషభంలోకి స్వరం మెత్తగా జారింది. వీణ మీద నేను లాగిన గమకమే అది, ఆరేళ్ళ తర్వాత నా చేతికి తిరిగొచ్చింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మహబూబ్ సాబ్ "వాహ్ బేటీ" అని అటు తిరిగి గడియారాలు తుడవసాగాడు.

గిటారు కొన్నాం సరే, మా ఇంట్లో కరెంటు ఎక్కడిది? దాన్ని మల్లక్క కొట్టంలోనే పెట్టాల్సి వచ్చింది. పల్లిచెక్క నానబెట్టే కుడితి గాబులకు పక్కగా నాకో చోటు చూపించింది. బాపుకు అప్పుడు చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి కలశంలో నీళ్ళూ మామిడాకూ తెచ్చాడు. కొత్త వాద్యం కదా, సంప్రోక్షణ చేయాలట! ఆకు ముంచి చల్లబోయేసరికి మల్లక్క కేకకు పదకొండు బర్రెలూ తలలెత్తాయి. "అయ్యగారూ! కరెంటు మీద నీళ్ళా! ఆగుండ్రి, అందరం పోతం!" అంతే, బాపుకు కరెంటు భయం పట్టుకుంది. కర్రపీట మీద కూర్చుని, ఆయన కర్ర పావుకోళ్ళు నేను తొడుక్కుంటే తప్ప వాయించనిచ్చేవాడు కాదు. నెల రోజులు బర్రెల మధ్య పావుకోళ్ళతో సాధన చేశాను. బడిలో పిల్లలు నా దగ్గర పల్లిచెక్క వాసన వస్తోందని గుసగుసలాడుకునేవారు. ఒకరోజు బాపు కొట్టం గుమ్మంలో నిలబడి మాయామాళవగౌళ రాగం మొత్తం విన్నాడు. "నిషాదం జర తగ్గింది" అన్నాడు. మళ్ళీ తప్పు పట్టేంతగా వింటున్నాడు కదా అని నాకు పట్టరాని సంతోషం కలిగింది.

చాలా ఏళ్ళకు, మల్లక్క కొట్టాన్ని కొడుకుకు అప్పజెప్పి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునే రోజుల్లో ఒకసారి అడిగాను. "మల్లక్కా, ఆనాడు మూడో పూట గూడ నా చెయ్యి కుదరకుంటె ఏం చేస్తుంటివి?"

"నాలుగో పూట అడుగుతుంటి."

"మూడు పూటలే గద రివాజు?"

"రివాజు బర్రెలకు" అన్నది. "నువ్వేమన్న బర్రెవా?"

ఆ తర్వాత నేనూ చాలామంది పిల్లలకు గిటారు నేర్పాను. కొన్ని పాఠాలయ్యాక తల్లులు కొందరు పిల్లల్ని పక్కకు పంపి, గొంతు తగ్గించి, మా అమ్మాయికి ఇది రాదేమోనండీ, మాన్పించేస్తాం అంటుంటారు. వాళ్ళకు నేను సర్దిచెప్పను, ధైర్యం చెప్పను. రేపు ఏ పూట పంపిస్తారో మాత్రం అడుగుతాను.