తాళం పడిన బెల్టు

మాది మాంగో అనే పేట, హిందీ మాట్లాడే ఊరు. అదే ఊళ్లో బిష్టుపూర్‌లో ఓ కాంట్రాక్టు ఆఫీసులో ఉద్యోగం. మూడు ప్లాంట్ల మరమ్మతు పనుల్ని కంప్యూటర్లో మూడు వేరువేరు అకౌంట్లలో ఎక్కించేదాన్ని. పోయిన ఏడాది మా మేనేజరు వాటిని యంత్రాల నంబర్లను బట్టి ఒకే అకౌంటుగా కలిపించాడు. రెండు ప్లాంట్లలో ముడిసరుకు మోసే ఏడో నంబరు బెల్టు ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఓ మధ్యాహ్నం ఒక ప్లాంటులో ఏడో బెల్టు పని అయిందంటే 'పూర్తి' అని నొక్కాను. చూస్తుండగానే రెండో ప్లాంటు ఏడో బెల్టు కూడా పూర్తయినట్టు మారిపోయింది. దాని కింద పనిచేస్తున్నది మా అన్నయ్య. తనకి ఫోన్ చేద్దామంటే, పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు.

అక్కడి కంట్రోల్ రూముకి ఫోన్ చేశాను. పని పూర్తయింది, బెల్టు నడుపుతున్నాం అని ఆపరేటరు హిందీలో చెప్పాడు. "ఆపండి, అన్నయ్య కిందున్నాడు" అని నేను తెలుగులోనే అరుస్తున్నాను. కంగారులో ఒక్క హిందీ ముక్క నోట రాలేదు. ఫోన్లో హూటరు మోగింది. బెల్టు కదిలే ముందు మోగేది అదే. లైను తెగిపోయింది.

ఆటో ఎక్కి ఆ ప్లాంటు గేటుకి వెళ్లాను. షిఫ్టు వదిలాక అన్నయ్య బయటికొచ్చాడు, చేతిలో తాళంకప్పతో. పనిలోకి దిగేముందు ఎవరి తాళం వాళ్లు బెల్టు స్విచ్చికి వేసుకుంటారు.

"హూటరు ఇన్నానే. తాళం ఉండబట్టి బెల్టు కదల్లేదు" అన్నాడు. తాళంకప్ప జేబులో వేసుకుంటూ, "చిన్న పనే కదా, ఈవేళ తాళం ఎయ్యకుండా దిగిపోదావనుకున్నాను" అన్నాడు.

ఇప్పుడు 'పూర్తి' నొక్కేముందు రెండు ప్లాంట్లకీ ఫోన్ చేస్తాను. మనుషులు బయటికొచ్చారా అని హిందీలో అడగడం కంఠతా పట్టాను.